సైన్యంలో సమాన సేవ (భారతదేశం)

స్త్రీలు, లైంగిక అల్పసంఖ్యాకులు పురుషులతో సమానంగా త్రివిధ దళాల్లో చేరి పదోన్నతి పొందే హక్కును సైన్యంలో సమాన సేవ అంటారు. వైద్యం, నర్సింగ్ కాని ఇతర శాఖల్లో మహిళా అధికారుల నియామకం 1992లో మొదలైంది. పదవీ విరమణ దాకా సేవలో కొనసాగించే పర్మనెంట్ కమిషన్‌కు వారు అర్హులని సుప్రీంకోర్టు 2020లో ఫిబ్రవరి 17న సైన్యం విషయంలో, మార్చి 17న నౌకాదళం విషయంలో తీర్పులిచ్చింది. నౌకాదళ తొలి మహిళా అగ్నివీరులు (నాలుగేళ్ల సేవకు చేరినవారు) 273 మంది 2023 మార్చి 28న ఒడిశాలోని ఐఎన్ఎస్ చిల్కాలో శిక్షణ ముగించారు.  విశాఖపట్నంలోని నౌకా స్థావరంలో పనిచేస్తూ లింగమార్పిడి శస్త్రచికిత్స చేయించుకున్న నావికోద్యోగిని 2017 అక్టోబరులో తొలగించారు. పరస్పర అంగీకారంతో కూడిన స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న ప్రకటించినా, సైనిక చట్టం, 1950లోని 45, 46 సెక్షన్ల కింద క్రమశిక్షణ చర్యకు అవకాశం మిగిలే ఉంది.