పుస్తకాల కోసం కట్టిన ఇల్లు (ఇల్లూ చరిత్రా – 9)



పోయిన నెల మా తమ్ముడు కొత్తగా కట్టుకున్న ఇంటికి వెళ్లాను. హాల్లో ఒక గోడంతా పుస్తకాలే. చెట్టు కొమ్మల్లా చెక్క అరలు, వాటి మధ్య చిన్న చిన్న లైట్లు, అట్టల రంగులు చూసి సర్దిన వరసలు. "ఎట్లుందన్నా?" అన్నాడు. బాగుందన్నాను. నిజంగానే బాగుంది. షోకు కోసం పుస్తకాలు పెట్టారని వెక్కిరించేవాళ్లు ఉంటారు. నేను వెక్కిరించను. మేం పుట్టిన ఇంట్లో షోకుకైనా ఒక్క పుస్తకం లేదు.

మన గోడ మీదికి పుస్తకం ఎట్లా వచ్చిందో ఒకసారి చూద్దాం.

బడిలో చిన్న భీమ్‌రావు కూర్చున్నది గోనెపట్టా మీద. దాన్ని ఊడ్చే మనిషి కూడా ముట్టుకోడు. సాయంత్రం ఇంటికి మోసుకుపోయి, పొద్దున మళ్లీ మోసుకురావాలి. తర్వాత బొంబాయిలో, పరేల్‌లోని ఒంటిగది ఇల్లు. వంటా అక్కడే, నిద్రా అక్కడే, చదువూ అక్కడే. తెల్లవారుజామున రెండింటికి తండ్రి రాంజీ లేపితే, ఇల్లంతా నిద్రలో ఉన్నప్పుడు చదువుకునేవాడు. కొడుకు పుస్తకం కావాలంటే రాంజీ పెళ్లయిన కూతుళ్ల దగ్గరికి వెళ్లేవాడు. వాళ్ల నగలు అడిగి తెచ్చి, కుదువబెట్టి, పుస్తకం కొనేవాడు. ఆ అక్కల పేర్లు మంజుల, తులసి. మన సభల్లో ఎంతమందిమి ఈ పేర్లు పలికాం?

1913లో కొలంబియా చేరాక ఆయన న్యూయార్క్ పాత పుస్తకాల షాపులన్నీ గాలించారు. 1917లో లండన్ నుంచి తిరిగొస్తుంటే సామాను వేరే ఓడలో వేశారు. యుద్ధకాలం. జర్మన్ జలాంతర్గామి ఆ ఓడను ముంచేసింది. పుస్తకాలు సముద్రం పాలయ్యాయి. ఆయన మళ్లీ మొదటి నుంచి కూడబెట్టడం మొదలుపెట్టారు.

1930ల మొదట్లో దాదర్‌లో ఇల్లు కట్టించారు. ఆ పేట పేరే హిందూ కాలనీ. ఇంటి పేరు రాజగృహ, బుద్ధుడు తిరిగిన మగధ రాజధాని పేరు. కింద కుటుంబం, పైన పుస్తకాలు, ఆఫీసు. మనుషులు ఉండటానికి ఇల్లు కట్టి మిగిలిన చోట పుస్తకాలు పెట్టడం లోకం తీరు. ఆయన పుస్తకాల కోసమే ఇల్లు కట్టారు. అక్కడ 50,000కు పైగా పుస్తకాలు పోగయ్యాయని చెబుతారు. 1946లో సిద్ధార్థ కాలేజీ పెట్టాక తన పుస్తకాలను పిల్లలకు ఇచ్చేశారు.

ఆయన లండన్‌లో చదువుతున్న రోజుల్లో బొంబాయిలో పస్తులుండి సంసారం లాగింది రమాబాయి. 1935 మే 27న ఆ రాజగృహలోనే కన్నుమూసింది. ఆ ఇంట్లో ఆమె ఉన్నది కొద్దికాలమే.

2020 జులై 7న ఆ ఇంటి మీద దాడి జరిగింది. కిటికీ అద్దాలు, పూలకుండీలు, సీసీ కెమెరా పగలగొట్టారు. పుస్తకాల కోసం కట్టిన ఇల్లు ఇన్నేళ్ల తర్వాత కూడా కొందరి కంట్లో నలుసే.

తమ్ముడికి రెండు మాటలు చెప్పాను. ఒకటి, కింది అరలు ఖాళీ చేసి పిల్లలకు అందే పుస్తకాలు పెట్టు. తాళం వేసే అద్దాల బీరువా మాత్రం తేకు. తాళం వేసిన చదువు ఎట్లుంటుందో మన తాతలకు బాగా తెలుసు.

రెండు, కంటికి ఎదురుగా ఉండే అరలో పూలకుండీ తీసేసి అమ్మ ఫోటో పెట్టు. నా ఇంటర్ పుస్తకాలకు అమ్మ చెవి కమ్మలు కుదువకు పోయాయి. మళ్లీ విడిపించలేకపోయాం. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఫ్రేము కట్టించి పంపిస్తానన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి పూలకుండీ తీశాడు.

మిత్రులారా, మీ ఇంట్లో మొదటి పుస్తకం ఎవరి కమ్మలతో వచ్చింది? ఆ పేరు కింద రాయండి. మన గ్రంథాలయాల చరిత్ర అక్కడి నుంచే మొదలవ్వాలి.

వచ్చే భాగంలో మళ్లీ కలుద్దాం. జై భీమ్!