శ్రీహరికోట సాక్ష్యము

పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న శ్రీహరికోట 2022 ఏప్రిల్ నుండి తిరుపతి జిల్లాలోనిది. అది నెల్లూరు జిల్లాలో ఉన్న దినములలోనే, 2015 సెప్టెంబరు 28న, అచ్చటి నుండి పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు ఆస్ట్రోసాట్ అను ఉపగ్రహమును మోసికొనిపోయినది. కేవలము ఖగోళ పరిశోధనకై మన దేశము పంపిన మొదటి ఉపగ్రహమది.

సరిగా పదునాలుగు దినములకు ముందు, సెప్టెంబరు 14న, అమెరికాలోని రెండు లైగో యంత్రములు గురుత్వ తరంగమును మొట్టమొదటిసారి పట్టినవి. గురుత్వ తరంగమనగా నేమి? మిక్కిలి బరువైన గోళములు ఒకదానినొకటి చుట్టుచు కలిసిపోవునపుడు దేశకాలములందే పుట్టు కంపము. 1916లో ఐన్‌స్టీన్ లెక్కగట్టి చెప్పిన దానిని పట్టుటకు నూరేండ్లు కావలసివచ్చినది. నాలుగు కిలోమీటర్ల పొడవున కలిగిన మార్పు ప్రోటాను వ్యాసములో నూరవ వంతైనను లేదు! అంతటి సన్నని కంపమును రొద నుండి ఏరుటకు, కలయికలను ముందుగా కంప్యూటరులో నడిపించి, వచ్చెడి తరంగ రూపములను సిద్ధపరచి ఉంచుకొందురు.

ఈ యంత్రములు చెవుల వంటివి. సవ్వడి వినబడును గాని, వచ్చిన దిక్కు సరిగా తెలియదు. 2017 జనవరి 4న మరియొక తరంగము వచ్చినది. రెండు కృష్ణబిలములు కలిసినవని తేలినది. వెదకవలసిన ఆకాశ భాగమో, అయిదువేల నిండు చంద్రులు పట్టునంతటిది. అందులోనే హవాయి దూరదర్శిని త్వరత్వరగా వాడిపోవు వెలుగొకటి చూచినది. అది ఆ కలయికలో పుట్టినదే యైనచో, కృష్ణబిలముల కలయిక వెలుగునీయదను భావమునే మార్చుకొనవలసి యుండెడిది.

మన శాస్త్రజ్ఞులు ఆస్ట్రోసాట్ నమోదులను పరిశీలించిరి. తరంగము వచ్చిన వేళ ఏ మెరుపును లేదు. సుమారు ఇరువది గంటల తరువాత మాత్రము గామా కిరణ విస్ఫోటమొకటి కనిపించినది. హవాయి చూచిన వెలుగు ఆ విస్ఫోటపు శేషమేనని, తరంగముతో దానికి పొత్తు లేదని నిర్ణయించిరి. ‘లేదు’ అను సాక్ష్యమే ఇచ్చట శాస్త్రమును పొరపాటు నుండి కాపాడినది.

అదే సంవత్సరము ఆగస్టు 17న ఇటలీలోని వర్గో యంత్రము తోడగుటచే, మరియొక తరంగపు చోటు ముప్పది చదరపు డిగ్రీలకు తగ్గినది. దూరదర్శినులు వెంటనే వెలుగును కనుగొన్నవి. చెవులు పెరిగినకొలది దిక్కు స్పష్టమగును. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో లైగో యంత్రమునకు 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గము 2,600 కోట్ల రూపాయలు మంజూరు చేసినది ఇందులకే.

అయిదేండ్లకని నిర్మించిన ఆస్ట్రోసాట్‌కు 2025 సెప్టెంబరులో పదేండ్లు నిండినవి. హింగోలి చెవి వినుటకు సిద్ధమగునాటికి ఆకాశమున మన కన్నొకటి మేలుకొని యుండవలెను. దానిని పంపు రేవు మన ముంగిటనే కలదు.