మజిలీల లెక్క

కాశికి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒక్కటేయని పెద్దల సామెత. రైలుమార్గములు లేని కాలమున ఆ మాటలో అతిశయోక్తి స్వల్పము. అట్టి కాలమున కాశికి పోయి, క్షేమముగా మరలివచ్చి, ఆ ప్రయాణము సాగిన విధమును వ్రాసియుంచిన తెలుగువాడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా నుండిన ఈయన 1830 మే 18న చెన్నపట్టణము విడిచి, 1831 సెప్టెంబరు 3న మరల చేరెను. దారిలోనుండి మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు వ్రాసిన లేఖలు 1838లో 'కాశీయాత్రచరిత్ర'గా అచ్చయినవి.

ఈ గ్రంథమును నాటి సాంఘిక స్థితిగతులకై చదువుట మనకు పరిపాటి. కాని దానికి వెన్నెముక మజిలీల లెక్క. విడిసిన యూరెట్టిది, అచ్చటికెన్ని ఆమడలు, బాట గట్టినేలయా అడుసునేలయా, నీరు మంచిదా, అంగళ్ళున్నవా అను విషయములను ఆయన ఓపికతో గుర్తించెను. క్షేత్రమాహాత్మ్యములు గమ్యమును వర్ణించును. ఈ గ్రంథము దారిని వర్ణించినది. వెనుక రాబోవు యాత్రికునకు రెండవదే ప్రాణాధారము.

ఆమడ యనగా నాలుగు కోసులు. ప్రాంతమునుబట్టి ఇంచుమించు ఎనిమిది మొదలు పది మైళ్ళు. ఒంటరి బాటసారి తన కాళ్ళ సత్తువనుబట్టి నడువవచ్చును. వీరాస్వామయ్య వెంట నుండినది సుమారు నూరుమంది పరివారము. ఆయన ప్రయాణము పల్లకిలో, మోసినవారు బోయీలు. కావున ఆనాటి మజిలీని నిర్ణయించునది యజమాని తొందర గాదు. బరువు మోయువాని భుజము. రెండామడలలో బియ్యము, కట్టెలు, నీరు దొరకు ఊరుండగా, మూడవ యామడకై ఆశపడి పాడుపల్లెలో విడియుట వివేకము గాదు. వేసవిలో ఎండ ముదురకమున్నే దారి సాగవలెను. వానకాలమున దూరమునకు అర్థమే లేదు; ఏరు పొంగినచో ఆ గట్టే మజిలీ.

ఈ సూత్రము శ్రీశైలపు దారిలో స్పష్టముగా గోచరించును. ఆత్మకూరు వైపునుండి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా నల్లమలలో నడకదారి కలదు. ఈ పేర్లలో రెండు నీటి తావులవే యగుట గమనింపదగినది. అడవిలో ఊరుండదు, నీరున్నచోటే విడిది. భీమునికొలను లోయలో దిగుటయు, ఎక్కుటయు కష్టము. శ్రీశైలమునకు సోపానములు కట్టించిన కీర్తి పదునాలుగవ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డికి దక్కినది. మెట్లు దూరమును తగ్గింపవు, అలసటను పంచును.

తిరుపతి, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము, ప్రయాగ, కాశి, గయ, కలకత్తా, పూరీ. ఆపై తీరమార్గమున చెన్నపట్టణము. ఇంత చుట్టునకు పట్టినవి 473 దినములు. వానిలో నడచిన దినములతోపాటు నిలిచిన దినములును గలవు. నిలుచుట ఆలస్యము గాదు, ప్రయాణములో భాగమే. ఆగుట నెరుగని గుంపులో మొదట పడిపోవువాడు మూటలు మోయువాడే.

రైలు వచ్చిన పిదప ఈ లెక్క మరుగుపడినది; మజిలీ యనునది కథలలోని మాటయైనది. కాని ఉగాదికి కన్నడదేశమునుండి శ్రీశైలమునకు కాలినడకన వచ్చు భక్తులు నేటికిని పెద్దచెరువు, భీమునికొలను దారినే పట్టుచున్నారు. తోవలో ఎచట నీరున్నదో, ఎచట నిలువవలెనో వారికి ముందు నడచినవారే చెప్పవలెను. వీరాస్వామయ్య తన తరువాతివారికి చేసిన మేలు అదియే.