ఫిరంగుల కోసం వేసిన దారి

ప్రత్యేక సంచికకు ఒక వ్యాసం రాయమని కార్యదర్శిగారు కోరారు. ముప్ఫై నాలుగేళ్ళు రోడ్ల మీద గడిపినవాడికి రోడ్డు గురించి తప్ప ఇంకేం తోస్తుంది? అయితే ఈసారి చెప్పబోయేది మన రోడ్డు కాదు. ఇటలీ దేశపు వాయవ్య మూలన, ఆల్ప్స్ పర్వతాలలో, సముద్ర మట్టానికి రెండు వేల మీటర్లకు పైన సాగే ఒక కంకర రోడ్డు కథ.

మా చిన్నమ్మాయి, అల్లుడు ఉద్యోగరీత్యా టూరిన్ నగరంలో ఉంటున్నారు. 2025 వేసవిలో నేనూ మా ఆవిడా రెండు నెలలు వారి దగ్గర ఉన్నాము. ఒకనాడు మనవడు వచ్చి, "తాతయ్యా, సూసా లోయ పైన కంకర రోడ్డుంది. సైకిళ్ళ మీద వెళ్దామా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మన సర్వీసులో కంకర రోడ్డంటే తారు కోసం, అంటే నిధుల కోసం, ఎదురుచూస్తున్న రోడ్డు. అక్కడేమో ఆ కంకర కోసమే దేశదేశాల నుంచి జనం వస్తారట! అందుకోసమే కాస్త లావు టైర్లతో, కొండ ఎక్కడానికి తేలికైన గేర్లతో గ్రావెల్ సైకిళ్ళని ప్రత్యేకంగా తయారుచేస్తున్నారట. ఇంతకీ అంత ఎత్తున ఆ రోడ్డు ఎవరు వేశారు, ఎందుకు వేశారు అని వాకబు చేస్తే శతాబ్దాల చరిత్ర బయటపడింది.

సూసా లోయ ఫ్రాన్సు వైపు నుంచి ఇటలీకి వాకిలి వంటిది. సూసా పట్టణంలో రోమన్ చక్రవర్తి ఆగస్టస్ గౌరవార్థం క్రీస్తుపూర్వం 9–8 సంవత్సరాల ప్రాంతంలో కట్టిన తోరణం నేటికీ చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. అక్కడి నుంచి మోన్ సెనీ కనుమ మీదుగా ఫ్రాన్సుకు దారి. ఆ కనుమ మీద నెపోలియన్ బండ్లు పోయే రోడ్డు వేయించాడు. ఆ రోడ్డు వెంబడే 1868లో ఒక వింత రైలు నడిచింది. రెండు పట్టాల నడుమ మూడో పట్టా వేసి, దానిని అడ్డచక్రాలతో ఇరువైపులా బిగించి పట్టుకుంటూ ఇంజను కొండ ఎక్కేది. 1871లో కొండ కింద సొరంగం తెరవగానే ఆ రైలు మూతపడింది. లండన్ నుంచి మన దేశానికి వచ్చే టపా ఇటలీ కొసనున్న బ్రిండిసి రేవుకు పోయి ఓడ ఎక్కే మార్గం ఇదే. ఆ కాలంలో మన పూర్వుల చేతికందిన సీమ ఉత్తరాలు కొన్నయినా ఈ లోయ గాలి పీల్చి వచ్చినవే.

వాకిలి ఉన్నచోట కాపలా తప్పదు. సూసా లోయకు దక్షిణాన కిసోనే లోయ ఉంది. రెంటికీ నడుమ గోడలాగా ఒక కొండ వెన్ను సాగుతుంది. దాని మీదనే అస్సియెట్టా కనుమ, ఎత్తు 2,472 మీటర్లు. ఆస్ట్రియా వారసత్వ యుద్ధంలో, 1747 జూలై 19న, ఫ్రెంచి సైన్యం ఈ కొండ మీదికి ఎక్కివచ్చింది. పైన రాతి అడ్డుగోడల వెనుక పీడ్‌మాంట్ సేనలు, వారికి తోడుగా కొద్దిమంది ఆస్ట్రియన్లు ఉన్నారు. సంఖ్యలో ఫ్రెంచివారిదే పైచేయి. కాని కొన్ని గంటల పోరులో వారి వైపు చనిపోయినవారు, గాయపడ్డవారు కలిసి దాదాపు ఐదు వేల మంది. సేనాని బెల్ ఇల్ స్వయంగా ముందుకురికి అక్కడే నేలకొరిగాడు. వెనక్కి తగ్గమని పైనుంచి ఉత్తరువు వచ్చినా పీడ్‌మాంట్ సైనికులు కదలలేదని అక్కడి ఐతిహ్యం. పీడ్‌మాంట్ వారికి "కదలని వాళ్ళు" అనే అర్థమిచ్చే మారుపేరు ఆ యుద్ధం నుంచే వచ్చిందని చెప్పుకుంటారు.

కిసోనే లోయలో ఫెనెస్ట్రెల్లె అనే కోట ఉంది. 1728లో మొదలుపెట్టి 1850 వరకు కడుతూనే ఉన్నారు. కొండవాలు పొడవునా దాదాపు మూడు కిలోమీటర్లు పాకిన కోట అది. అడుగు నుంచి కొన దాకా పైకప్పున్న మెట్లదారి ఉంది. మెట్లు 3,996. మన అలిపిరి మెట్లు 3,550 అంటారు కదా, వాటికంటే ఎక్కువే. అయితే ఇక్కడి మెట్లెక్కింది మొక్కు తీర్చుకోవడానికి కాదు, మందుగుండు మోయడానికి.

మనం చెప్పుకుంటున్న రోడ్డు ఈ కథలో చివరి అంకం. 1882లో ఇటలీ, జర్మనీ, ఆస్ట్రియాలతో కూటమి కట్టింది. దానితో ఫ్రాన్సు అనుమానించవలసిన పొరుగు అయింది. సరిహద్దు కొండలన్నిటి మీదా ఇటలీ సైన్యం కోటలు, వాటికి రోడ్లు వేయడం మొదలుపెట్టింది. 19వ శతాబ్ది చివర తయారైన అస్సియెట్టా రోడ్డు పియాన్ దెల్ ఆల్పే నుంచి సెస్ట్రియెరె దాకా ముప్ఫై కిలోమీటర్లకు పైగా కొండ వెన్ను మీదనే సాగుతుంది. ఫిరంగులను లాగే కంచరగాడిదలు అలసిపోకుండా ఉండాలి కనుక వాలు ఎక్కడా మితిమీరకుండా, కొండను చుట్టుకుంటూ దారి తీశారు. ఆనాడు గాడిద కోసం వేసిన లెక్క ఈనాడు సైకిలు తొక్కేవాడికి సరిగ్గా సరిపోయింది.

మరి ఆ ఫిరంగులు ఏం సాధించాయి? పక్కనే షాబెర్టన్ శిఖరం మీద, 3,130 మీటర్ల ఎత్తున, ఎనిమిది రాతి బురుజుల మీద ఎనిమిది ఫిరంగులు నిలిపారు. అంత ఎత్తుకు ఏ గుండూ చేరదని ధీమా. 1940 జూన్ 21న మబ్బు విడిచిన సమయం చూసి ఫ్రెంచివారు కింద లోయలో నుంచి నాలుగు పెద్ద మోర్టార్లతో గురిపెట్టి, ఒక్కరోజులోనే వాటిలో ఆరింటిని ధ్వంసం చేశారు. 1947 సంధితో ఆ శిఖరమే ఫ్రాన్సుకు పోయింది. ఫిరంగులు పోయాయి, సరిహద్దు జరిగింది, దారి మాత్రం మిగిలింది.

ఇదే కొండ మీద ఫినెస్ట్రే కనుమ ఉంది. మాటకు అర్థం కిటికీలు. ఎత్తు 2,176 మీటర్లు. సూసా నుంచి 18 కిలోమీటర్లకు పైచిలుకు ఎడతెగని ఎక్కుడు. నూటికి సగటున తొమ్మిది వాలు, చివరి ఎనిమిది కిలోమీటర్లూ కంకర. 2005లో జీరో ద ఇటాలియా సైకిలు పందెం మొదటిసారి దీని మీదుగా సాగింది. 2018లో సైమన్ యేట్స్ అనే ఇంగ్లీషు యువకుడు పదమూడు రోజులు అగ్రస్థానపు గులాబీ చొక్కా ధరించి వచ్చి, ఈ కొండ ఉన్న రోజునే కుదేలయ్యాడు. ఆ ఒక్కరోజే 38 నిమిషాలకు పైగా వెనకబడ్డాడు. క్రిస్ ఫ్రూమ్ ఈ కంకర మీదనే ముందుకు దూకి, 80 కిలోమీటర్లు ఒంటరిగా సాగి పందెం గెలుచుకున్నాడు. ఏడేళ్ళ తరువాత, 2025 మే 31న, యేట్స్ మళ్ళీ అదే కనుమ కిందికి వచ్చాడు. పొద్దున ఒక నిమిషం 21 సెకన్లు వెనకబడి ఉన్నవాడు, ఆ ఎక్కుడులోనే అందరినీ దాటి సాయంత్రానికి గులాబీ చొక్కా తొడిగాడు. పోగొట్టుకున్న చోటనే వెతికి తెచ్చుకున్నాడన్నమాట.

జూలై, ఆగస్టు నెలల్లో బుధ, శనివారాలు అస్సియెట్టా రోడ్డు మీదికి మోటారు బండ్లను రానివ్వరు. మేము ఒక బుధవారం వెళ్ళాము. దాచడమెందుకు, నాది బ్యాటరీ సాయమున్న అద్దె సైకిలు. అయినా కనుమకు చేరేలోపు రెండుచోట్ల దిగి నడిచాను. కుడివైపు ఒక లోయ, ఎడమవైపు ఒక లోయ, రాళ్ళ మధ్య నుంచి మార్మట్ అనే ఉడుత జాతి జంతువుల ఈలలు. మనవడు దృశ్యాలు చూస్తుంటే నా కళ్ళు పాత అలవాటు ప్రకారం అడ్డకాలువలను, రాతి ఆనుగోడలను వెతుకుతున్నాయి.

ఒక మలుపులో ఇద్దరు పనివాళ్ళు పారలతో కాలువలో పేరుకున్న రాళ్ళూ మట్టీ ఎత్తిపోస్తున్నారు. నేను సైకిలు దిగి అక్కడే నిలబడిపోయాను.

నా సర్వీసులో ఒక ఘాట్ రోడ్డు సెక్షను చూసేవాణ్ణి. ఆ రోడ్డుకు ఆరుగురు గ్యాంగ్ మజ్దూర్లు. వారు ఒక్కొక్కరే రిటైరవుతుంటే, ఖాళీలు నింపనక్కరలేదు, ఏడాదికొకసారి కాంట్రాక్టు మీద కాలువలు తీయిస్తే చాలునని నోటు రాసింది నేనే. ఖర్చు తగ్గించానని మెప్పు కూడా పొందాను. మూడో వానాకాలంలో ఒక రాత్రి కాలువ పూడి, నీరు రోడ్డు మీదికి మళ్ళి, నలభై మీటర్ల మేర రోడ్డు లోయలోకి జారింది. ప్రాణనష్టం లేదు గాని పై ఊళ్ళకు నెలన్నర బస్సు లేదు. అధిక వర్షపాతమే కారణమని నివేదిక రాశాను. ఆ గ్యాంగులో ఆఖరున రిటైరైన పెద్దాయన ఒకనాడు కనబడి, "బాబుగారూ, కాలువ పూడితే రోడ్డే కాలువవుతుందండీ" అని మాత్రం అన్నాడు. ఆ మాట నివేదికలో లేదు. ఇన్నాళ్ళకు ఇక్కడ రాస్తున్నాను.

ఆల్ప్స్ కొండ మీద నేను తెలుసుకున్నది అదే. రాజులు ఉత్తరువిచ్చారు, ఇంజనీర్లు గీతలు గీశారు, వాటికి ఫలకాలూ చరిత్రలూ ఉన్నాయి. కాని ఏటా మంచు కరిగిన తరువాత పార పట్టుకుని వెళ్ళే మనిషి ఒక్క పదేళ్ళు మానేస్తే, ఆ దారి కొండలో కలిసిపోతుంది. యుద్ధపు కొలువు నుంచి విరమించిన దారి మరో కొలువులో ఇంకా నడుస్తున్నదంటే, అది ఆ మనిషి చలవే. ఒకప్పుడు ఎవరిని ఆపడానికి వేశారో, ఆ ఫ్రెంచివారే ఇప్పుడు పిల్లాపాపలతో సైకిళ్ళ మీద వచ్చి పలకరించి పోతున్నారు.

కార్యదర్శిగారికి ఒక మనవి. మన సంచికలో ఏటా అధికారుల ఫోటోలు వేస్తున్నాము. వచ్చే సంచికలో మన డివిజనులో పనిచేసి రిటైరైన గ్యాంగ్ మజ్దూర్ల పేర్లు, వారు చూసిన రోడ్ల మైలురాళ్ళతో సహా, ఒక పేజీ వేద్దాము. నాకు గుర్తున్న ఆరు పేర్లూ ఈ వ్యాసంతోపాటు వేరే కాగితం మీద రాసి పంపుతున్నాను. మిగతావి సభ్యులు జ్ఞాపకం చేసుకుని పంపగలరు.