కేజీఎఫ్ సైనైడ్ దిబ్బలు: బాగుచేసే ఖర్చు ఎవరిది?

కోలార్ బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. బంగారం తీయగా మిగిలిన పిండిమట్టి సుమారు 3.3 కోట్ల టన్నులు, 13 దిబ్బలుగా మన ఇళ్ల పక్కనే ఉంది. గాలికి దుమ్ము లేస్తుంది, వానకు వాలు కోసుకుపోతుంది.

వాలు నిలవాలంటే దాన్ని మెట్లుగా చెక్కాలి, నీరు పోయే కాలువలు కట్టాలి, మంచి మట్టి కప్పి గడ్డి, చెట్లు పెంచాలి.

ఇందుకు గని యజమాని ముందే పూచీకత్తు కట్టాలన్న కేంద్ర నిబంధన 2003లో వచ్చింది. 2017 నిబంధనల్లో పెద్ద గనులకు హెక్టారుకు 3 లక్షల రూపాయలన్నారు. మన గనులు అంతకు ముందే మూతపడ్డాయి.

దిబ్బల్లో మిగిలిన బంగారం కోసం వేలానికి 2024 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. నేల బాగుచేసే ఖర్చును కూడా ఆ ఒప్పందంలోనే రాయించాలని మేము కోరుతున్నాం.