శ్రీశైల మార్గములు

శ్రీశైల క్షేత్రమునకు నాలుగు ద్వారములు గలవని స్థలపురాణము చెప్పుచున్నది. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము. దీనిని కేవలము మాహాత్మ్యవర్ణనముగా నెంచి విడిచిపెట్టుట సరికాదు. నలుదెసలనుండి వచ్చు యాత్రికులు నల్లమలకు చేరువయగు తావులను ఈ పరంపర సూచించుచున్నది. మార్గచరిత్రకు ఇది తొలి ఆధారము.

ఈ మార్గములలో పడమటిది 19వ శతాబ్దమున ముఖ్యమైనది. ఆత్మకూరు, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారము దానిలోని మజిలీలు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో ఈ దారినే శ్రీశైలమునకు పోయెను. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్ర యందు ఈ మజిలీలును, కందనూరు నవాబు యాత్రికులనుండి గైకొను సుంకమును పేర్కొనబడినవి. 1839లో ఆంగ్లేయులు నవాబును తొలగించుటతో ఆ పాలన ముగిసెను. అడవిలో దారిచూపి కావలి కాచిన చెంచులకును యాత్రికులనుండి కొంత ప్రతిఫలము ముట్టుచుండెడిది. కావున ఈ బాట భక్తులకు పుణ్యమార్గమైనను, ప్రభువునకు ఆదాయము, అడవిబిడ్డలకు జీవనాధారము కూడ నయ్యెను.

కాలినడకకు మెట్లు చాలును. బండికి అవి పనికిరావు. అందువలన మోటారు బాట పాత సోపానములను విడిచి, వాలు తక్కువయగునట్లు కొండలను చుట్టివచ్చెను. పూర్వము రాష్ట్ర రహదారిగా నుండి నేడు 765వ జాతీయ రహదారియైన బాట హైదరాబాదునుండి కల్వకుర్తి, డిండి, మన్ననూరు, దోమలపెంటల మీదుగా వచ్చి, శ్రీశైలం ఆనకట్ట చెంత కృష్ణను దాటి, దోర్నాల వైపు సాగుచున్నది. ఉత్తర, పూర్వ ద్వారముల దిక్కులే దీనికి దక్కినవి. కర్నూలునుండి వాహనమున వచ్చువారును ఆత్మకూరు దాటి, నాగలూటి దారి పట్టక, దోర్నాలకు చుట్టిపోవలసినదే.

అయినను పడమటి బాట మృతి చెందలేదు. ఏటేట ఉగాదికి కన్నడదేశపు భక్తులు నాగలూటి మీదుగా కాలినడకన వచ్చుచున్నారు. వారి పాదములే ఆ మార్గమును నిలిపినవి.

14వ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును అహోబలమునకును సోపానములు కట్టించెనని ప్రసిద్ధి. రాజుల దండయాత్రలను వివరించు మన చరిత్రగ్రంథములలో ఇట్టి దారిధర్మములకు ఒక వాక్యమునకు మించి చోటు లభించుట అరుదు. మెట్లు, కొలనులు, మండపములు అడవిలో శిథిలమగుచున్నవి. శాసనములతోను, యాత్రాగ్రంథములతోను వానిని పోల్చి చూచు పరిశోధకుడు పుస్తకములు చదివినంత మాత్రమున చాలదు. ఆ బాటను ఒకమారు నడువవలెను. రాయి చెదరినచో మార్గమే గాక, దాని సాక్ష్యమును నశించును.