కోశాంబి ద్వారం దగ్గర పడిపోయిన భిక్షువు

ప్రతి ఆదివారం మా విహారంలో త్రిశరణ పంచశీలాలు చెప్పుకుంటాం. ఐదో శీలం దగ్గరికి వచ్చేసరికి కొందరి గొంతు తగ్గుతుంది. బస్తీల్లో తాగుడు మాన్పించే పనిలో ఇన్నేళ్లు తిరిగిన మాకు ఆ గొంతులు ఎవరివో చూడకుండానే తెలుస్తుంది. ఆ శీలానికి సంబంధించి వినయపిటకంలో ఒక మనిషి కథ ఉంది. మనం దాన్ని ఎందుకో తక్కువగా చెప్పుకుంటాం.

భిక్షువుల పాచిత్తియ నియమాల్లో యాభై ఒకటోది మద్యపానం గురించి. ఆ నియమం ఎలా పుట్టిందో అక్కడే రాసి ఉంది. చేది దేశంలో భద్దవతిక అనే ఊరి దగ్గర, అంబతిత్థ రేవులో, జడలు కట్టిన ఒక తాపసి ఆశ్రమం ఉండేది. అందులో ఒక నాగం ఉందనీ, అటు వెళ్లవద్దనీ పశువుల కాపరులు, రైతులు బుద్ధుణ్ణి వారించారు. సాగతుడనే భిక్షువు వెళ్లి, ఆ రాత్రి అగ్నిశాలలో గడిపి, తన తేజోబలంతో నాగాన్ని లొంగదీశాడు. (ఆ నాగం పామా, నాగజాతి మనిషా అన్న చర్చ ఇక్కడ పెట్టుకోం.)

ఆ పేరు ఆయనకంటే ముందే కోశాంబి చేరింది. కోశాంబి వత్స రాజ్యానికి రాజధాని. నేటి ప్రయాగ్‌రాజ్‌కు కొంత దూరంలో, యమున ఒడ్డున దాని శిథిలాలు ఉన్నాయి. నగరంలోని ఉపాసకులు సాగతుడికి ఏదైనా మంచిది పెట్టాలనుకుని, భిక్షువులకు అరుదుగా దొరికేది, ఇష్టమైనది ఏమిటని అడిగారు. షడ్వర్గీయులనే ఆకతాయి భిక్షువుల జట్టు కాపోతిక అనే తేట మద్యం పేరు చెప్పింది. మర్నాడు భిక్షకు వచ్చిన సాగతుడికి ఇంటింటా దాన్నే భక్తిగా పోశారు. తిరిగి వెళుతూ ఆయన నగర ద్వారం దగ్గర పడిపోయాడు.

సాగతుడు సారా కొట్టుకు పోలేదు. ప్రేమించినవాళ్లే పోశారు. మన పెళ్లిళ్లలో, దినాల్లో జరిగేది వేరే ఏముంది? మానేసి మూడు నెలలైన తమ్ముడి చేతిలో ‘ఈ ఒక్కరోజుకేరా’ అని గ్లాసు పెట్టేది బావో, మేనమామో.

బుద్ధుడు ఆయన్ను అక్కడే వదిలి వెళ్లలేదు. భిక్షువుల చేత ఆరామానికి మోయించాడు. తల తనవైపు ఉండేలా పడుకోబెడితే, ఆయన మత్తులో తిరిగి కాళ్లు చాపాడు. గౌరవం మరచిన ఈ సాగతుడు ఇప్పుడు నీటిపాముతోనైనా తలపడగలడా అని బుద్ధుడు భిక్షువులను అడిగాడు. ఆ తర్వాతే నియమం చేశాడు.

లా చదివిన బుద్ధి కదా, మా కన్ను శిక్ష మీదికి పోయింది. సంఘం నుంచి వెళ్లగొట్టే నేరాలు పారాజికాలు. అవి నాలుగే. తాగడం వాటిలో లేదు. అది పాచిత్తియం, అంటే తోటి భిక్షువు ముందు ఒప్పుకుని సరిదిద్దుకునే తప్పు. పైగా, ఏ పని వల్ల నియమం పుట్టిందో ఆ పని మొదట చేసినవాడికి దోషం లేదని వినయమే చెబుతుంది. చేసిన నాటికి నేరం కాని పనికి శిక్ష వేయరాదని మన రాజ్యాంగం 20(1) అధికరణలో ఉన్నది చదివినవారికి ఇది కొత్తగా అనిపించదు. మర్నాడు సాగతుడు సిగ్గుపడి, బుద్ధుణ్ణి క్షమాపణ కోరి, సాధన చేసి అర్హంతుడయ్యాడని అట్ఠకథ చెబుతుంది. అంగుత్తర నికాయంలో తేజోధాతువులో అగ్రగణ్యుడిగా చెప్పిన పేరు కూడా సాగతుడిదే.

ఈ కథ చదవకముందు మేము చేసిన పని చెప్పుకోవాలి. మా విహారానికి వచ్చే ఒక హమాలీ తమ్ముడు ప్రతిజ్ఞ తీసుకుని ఎనిమిది నెలలు మానేశాడు. చెల్లెలి పెళ్లిలో మళ్లీ తాగాడు. ప్రతిజ్ఞ తప్పాడు కాబట్టి పేరు కొట్టేయాలని కమిటీ తీర్మానించింది. ఆ తీర్మానం మా చేత్తోనే రాశాం. సిక్ఖాపదం అంటే శిక్షణలో ఒక అడుగు అని నలుగురికీ చెప్పేవాళ్లం, దాన్ని బాండు పేపరులా చూశాం. ఏడాది తర్వాత అతని భార్య వచ్చింది. ‘మీ దగ్గరికి వచ్చిన ఆ ఎనిమిది నెలలే అన్నా, మా ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలిగింది’ అంది.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చంద్రమణి భంతే దగ్గర త్రిశరణ పంచశీలాలు తీసుకున్నారు. తర్వాత లక్షల మందికి తానే దీక్ష ఇస్తూ 22 ప్రతిజ్ఞలు చేయించారు. మద్యం తాగనన్నది అందులో 17వది. పంచశీలంలో ఉన్న మాటనే ఆ రోజు ఇంకోసారి చెప్పించారు. అదీ అందరి మధ్య, పక్కవాడు వింటుండగా. ఒంటరిగా మానమని ఎవరినీ వదల్లేదు.

మన నేల మీద 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. ఆ తల్లుల పోరాటాన్ని తక్కువ చేయడం లేదు. కానీ కొట్టు మూసిన రాత్రి తాగుబోతు ఒంట్లో ఏం జరుగుతుందో మేము ఆ హమాలీ తమ్ముడి ఇంట్లో చూశాం. భార్య మాటతో వెళ్లి కలిస్తే, అతను తనంతట తానే ఒక్కసారిగా మానేశాడు. రెండో రాత్రికి చేతుల వణుకు, నిద్ర లేదు, తెల్లవారేసరికి ఫిట్స్. ఏళ్లుగా విపరీతంగా తాగినవాళ్లు డాక్టరు లేకుండా హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చని ప్రభుత్వాసుపత్రిలో చెప్పారు. ప్రతిజ్ఞకు ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం అప్పటి నుంచే మొదలుపెట్టాం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల దుర్వినియోగంతో వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక వ్యాధి నిర్వచనంలో చేర్చింది. ప్రభుత్వ వైద్యం అడిగి తీసుకునే హక్కు ఇచ్చింది. ఆసుపత్రిలో ‘తాగుబోతుకు మంచమా’ అని ఎవరైనా అంటే ఆ చట్టం పేరు చెప్పండి.

పాత తీర్మానం రిజిస్టర్లో అలాగే ఉంది, మా చేతిరాతతో. దాని కింద అతని పేరు మళ్లీ రాశాం. ఆ తర్వాత కూడా రెండుసార్లు జారాడు, రెండుసార్లూ వచ్చి చెప్పాడు. పోయిన ఆదివారం ఐదో శీలం దగ్గర అతని గొంతు వినపడలేదు. అడిగితే, మేనమామ ఇంట్లో పెళ్లి ఉంది అన్నాడు. ఆ పెళ్లికి అతనితో మేమూ వెళ్తున్నాం.